డై లైన్ మీద డిజైన్: చెవిన పెట్టకూడని 11 సలహాలు

ఉగాది దాటిందంటే నా బల్ల మీదికి ఆవకాయ పెట్టెలు వచ్చేస్తాయి. మామిడికాయ ఇంకా చెట్టు మీదే ఉంటుంది, ఆవాలు ఇంకా దంచలేదు, పెట్టె మాత్రం అప్పటికే అచ్చుకు వెళ్లిపోవాలి. విజయవాడలో ప్రీ-ప్రెస్ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను. డిజైనర్ పంపిన ఫైలు ప్లేటు మీదికి ఎక్కే ముందు ఆఖరుసారి తెరిచి చూసేది నేనే. అందుకే ఎవరికి ఏ సలహా ఎవరిచ్చారో ఫైలు తెరవగానే తెలిసిపోతుంది.

ఆ సలహాలు చెడు తలపెట్టి ఇచ్చినవి కావు. బావగారు, పక్క కొట్టాయన, పెళ్లి కార్డులు డిజైన్ చేసే కుర్రాడు, అందరూ మేలు కోరే చెబుతారు. కార్డుకు సరిపోయే మాట పెట్టెకు సరిపోదన్నదే చిక్కు. కార్డు బల్లపరుపుగా పుట్టి అలాగే ఉంటుంది. పెట్టె బల్లపరుపుగా పుట్టి, మడతపడి, అంటుకుని, లోపల బరువు మోస్తూ నిలబడాలి.

కొత్తవాళ్ల కోసం ముందు రెండు మాటలు. డై అంటే దాదాపు 18 మి.మీ. మందం ప్లైవుడ్ చెక్కలో బిగించిన ఉక్కు పట్టీల అమరిక. పదునున్న పట్టీ అట్టను కోస్తుంది, మొద్దు పట్టీ నొక్కి మడత గాడి వేస్తుంది. ఆ పట్టీలు ఎక్కడెక్కడ ఉంటాయో చూపే గీతల పటమే డై లైన్. మా లైన్‌లో దాన్ని కీలైన్ అంటాం, ఇంకా పొట్టిగా కేఎల్‌డీ. మామూలుగా నిండు గీత కోత, తెగిన గీత మడత. డిజైన్ దాని మీద కూర్చుంటుంది. అచ్చయిన షీటుకు లామినేషనో వార్నిషో వేస్తారు, డై కింద పంచింగ్ చేస్తారు, చివరికి పేస్టింగ్. తప్పు పేస్టింగ్ దగ్గర బయటపడితే అంతకుముందు పెట్టిన ఖర్చంతా దానితోపాటే పోతుంది. మొదటిసారి సరుకు మార్కెట్‌కు తెస్తున్న చిన్నవాళ్లకు ఆ దెబ్బ నుంచి లేవడం చాలా కష్టం. ఇది రాయడానికి కారణం అదే.

సలహా 1: “కీలైన్ కొలతలు సమానంగా లేవు, సరిచేసెయ్”

తెనాలి దగ్గర ఒక పల్లెటూరి నుంచి ఒకావిడ 300 గ్రాముల ఆవకాయ సీసాకు పెట్టెలు చేయించారు. 3,000 పెట్టెలు. డిజైన్ వాళ్ల అక్క కొడుకు చేశాడు, బుద్ధిమంతుడు, పనిమంతుడు కూడా. కీలైన్‌లో నాలుగు ముఖాల వెడల్పు 75, 75, 75, 74.5 మి.మీ. ఉంది. ఆ ఆఖరి 74.5 వాడి కంట్లో నలుసులా పడింది. “అక్కా, డై గీసినాయన అర మిల్లీమీటరు పొరపాటు పడ్డాడు, నేను సరిచేశాను” అని నాకు ఫోన్ చేసి చెప్పేటప్పటికి డై తయారైపోయింది, వాడు పంపిన ఫైలు నుంచే.

ఆ అర మిల్లీమీటరు ఎవరి పొరపాటూ కాదు. పెట్టెను అంటించేటప్పుడు నాలుగో ముఖం అంచు పేస్టింగ్ ఫ్లాప్ మీదికి వచ్చి కూర్చుంటుంది. మూల మడత దాకా పూర్తిగా రాకుండా వెంట్రుకవాసి లోపలే ఆగాలి. 75 చేసేసరికి ప్రతి పెట్టెకూ ఒక మూలన అట్ట అంచు బయటికి పొడుచుకొచ్చింది. కట్టలు కట్టగానే ఆ అంచులు ఒకదానికొకటి రాసుకుని రంగు లేచి తెల్లబడ్డాయి. సీసా బాగుంది, ఆవకాయ బాగుంది, పెట్టె మాత్రం వాడిన పెట్టెలా కనిపించింది.

కీలైన్‌లో ఇలాంటి తేడాలు చాలా చోట్ల ఉంటాయి. మూత లోపలికి దోపే నాలుక పెట్టె నోటి కంటే కొంచెం ఇరుకు. లోపలికి మడిచే డస్ట్ ఫ్లాపులు ఏటవాలు. అవన్నీ అట్ట మందానికి ఇచ్చిన చోటు. కీలైన్‌ను సాగదీయకండి, కుదించకండి, నూటికి నూరు శాతం అసలు సైజులోనే ఉంచి లాక్ చేయండి. అనుమానం వస్తే డై చేసినాయనకు ఫోన్ చేయండి. ఆయన కారణం చెబుతాడు.

సలహా 2: “గీతలు అచ్చులో పడతాయి, తీసేసి పంపు”

దీనికి కవల సలహా ఇంకొకటుంది: “గీతలు పోకుండా డిజైన్‌తో కలిపేసి ఒకే బొమ్మగా పంపు.” మొదటిది వింటే ప్రెస్సువాళ్లకు డిజైన్ ఎక్కడ కూర్చోవాలో తెలియదు. రెండోది వింటే ఆ గీతలను విడదీయడానికి దారే ఉండదు, పెట్టె మీదే అచ్చవుతాయి.

కీలైన్‌ను విడి లేయర్‌లో పెట్టండి. దానికి డిజైన్‌లో ఎక్కడా వాడని ఒక స్పాట్ కలర్ ఇవ్వండి, పేరు కూడా డై అనే పెట్టండి. గీతకు ఓవర్‌ప్రింట్ ఆన్ చేయండి. ఓవర్‌ప్రింట్ లేకపోతే ఆ గీత తన కింద ఉన్న రంగును కత్తిరించేస్తుంది. ప్లేటు తీసేటప్పుడు డై రంగును ఆపేస్తే, గీత ఉన్న చోట సన్నటి తెల్ల చార మిగులుతుంది. ఎర్రటి పెట్టె మీద ప్రతి మడత దగ్గరా తెల్ల దారం కుట్టినట్టుంటుంది. స్పాట్ యూవీ, ఫాయిల్, ఎంబాసింగ్ ఉంటే వాటికీ ఇదే పద్ధతి: ఒక్కోదానికి ఒక్కో లేయర్, ఒక్కో స్పాట్ కలర్, ఓవర్‌ప్రింట్.

ఓవర్‌ప్రింట్ ఆన్ చేయకూడనిది తెల్ల అక్షరానికి. తెల్లకు సిరా లేదు. అది కింది రంగును కత్తిరిస్తేనే అట్ట తెలుపు కనబడుతుంది. నల్ల అక్షరం కాపీ చేసి రంగు తెల్లగా మార్చినప్పుడు పాత ఓవర్‌ప్రింట్ గుర్తు దానితోనే వచ్చేస్తుంటుంది. మామూలు స్క్రీన్ మీద అక్షరం కనబడుతుంది, అచ్చులో మాయమవుతుంది. ఎర్ర పట్టీ మీద తెల్లగా రాసిన నికర బరువు మొత్తం అలా పోయిన ఫైలు నా చేతుల్లోకి వచ్చింది. పంపే ముందు ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ పెట్టి చూడండి, క్షణంలో పట్టేయొచ్చు.

సలహా 3: “బ్లీడ్ దండగ, గీత దాకా రంగేస్తే చాలు”

షీటు మిషన్‌లో పరుగెడుతుంది, డై దాని మీద పడుతుంది. రెండూ ప్రతిసారీ వెంట్రుక తేడా లేకుండా కలవడం జరిగే పని కాదు. అర మిల్లీమీటరు అటూఇటూ జరగడం మామూలే. రంగు సరిగ్గా కోత గీత దగ్గర ఆగితే, జరిగిన వైపు అట్ట తెలుపు తొంగిచూస్తుంది. అందుకే కోత గీత దాటి 3 మి.మీ. బయటికి రంగు పొడిగించాలి, బ్లీడ్ అంటే అదే. ఫొటో అయితే ఫొటోనే పొడిగించాలి, అంచున రంగు పట్టీ అతికించకూడదు. అక్షరాలు, లోగో, గుర్తులు గీతకు 3 మి.మీ. లోపలే ఆగాలి.

పెట్టె చుట్టూ సన్నటి బంగారు బోర్డరు పెట్టాలని చాలామందికి ముచ్చట. పెళ్లి కార్డుల అలవాటు అది. అంచు నుంచి 2 మి.మీ. దూరంలో బోర్డరు పెట్టారనుకోండి, డై 1 మి.మీ. జరిగితే ఒకవైపు 1, మరోవైపు 3 మిగులుతుంది. కంటికి పెట్టె మొత్తం వంకరగా కనిపిస్తుంది. బోర్డరు కావాలంటే అంచుకు కనీసం 5 మి.మీ. లోపలికి తీసుకురండి, అప్పుడు ఆ తేడా కంటికి ఆనదు.

సలహా 4: “సరిగ్గా మడత మీదే రంగు మార్చు, నీట్‌గా ఉంటుంది”

ముందు ముఖం పసుపు, పక్క ముఖం ఎరుపు, రెండూ మూల దగ్గర కలవాలి. స్క్రీన్ మీద ఎంతో పొందికగా ఉంటుంది. పెట్టెలో మాత్రం మూల అంటే గీత కాదు, అట్ట మందంతో గుండ్రంగా తిరిగే చోటు. డై కాస్త జరిగితే ముందు ముఖం అంచున ఎర్రటి చార దిగబడుతుంది. వంద పెట్టెలు కొట్టులో వరసగా పేర్చినప్పుడు ఒకదానికి చార ఉండి పక్కదానికి లేకపోతే అప్పుడు తెలుస్తుంది.

రెండు రంగుల్లో ఒకదాన్ని మూల దాటించి పక్క ముఖం మీదికి కొన్ని మిల్లీమీటర్లు తీసుకెళ్లండి. అప్పుడు జరిగినా అది డిజైన్‌లాగే ఉంటుంది. లేదా మామిడి ఆకుల వరసో ముగ్గు చుక్కలో మూల చుట్టూ పారేలా వేయండి.

ముదురు రంగు నిండుగా ఉన్న చోట మడతపడితే, పైన లామినేషన్ లేనప్పుడు రంగు పొర చిట్లి తెల్లటి పగులు కనబడుతుంది. మెరూన్, నేవీ బ్లూ, నలుపు ఇష్టపడేవాళ్లు లామినేషన్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

సలహా 5: “పేస్టింగ్ ఫ్లాప్ ఖాళీగా ఎందుకు, అదీ నింపెయ్”

జాగా వృథా కాకూడదన్న మనసు మంచిదే. ఈ జాగా మాత్రం ఖాళీగా ఉండడానికే పుట్టింది. గమ్ము పట్టుకునేది అట్ట పీచును. మధ్యలో సిరా పొరో వార్నిష్ పొరో అడ్డొస్తే గమ్ము ఆ పొరనే పట్టుకుంటుంది. ప్రెస్సులో చూస్తే అంటుకున్నట్టే ఉంటుంది. మే నెల ఎండలో ఆటోలో నాలుగు గంటలు తిరిగి కొట్టుకు చేరేసరికి నోరు తెరుస్తుంది.

ముఖం రంగు మడత దాటి ఫ్లాప్ మీదికి 2, 3 మి.మీ. వెళ్తే చాలు, మూలలో తెలుపు కనబడకుండా. మిగతా ఫ్లాప్ తెల్లగా వదిలేయండి. వార్నిష్, యూవీ కూడా దాని మీదికి రాకూడదు. షీటు మొత్తానికి లామినేషన్ వేయిస్తుంటే ముందే పేస్టింగ్ వాళ్లతో మాట్లాడండి. దానికి తగిన గమ్ము వాళ్లు వాడాలి, లేదా ఫ్లాప్ మీద పొరను గీరేలా డైలో ఏర్పాటుండాలి.

బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కొట్టే చోటూ అంతే. అక్కడ మెరుగు పొర ఉంటే స్టాంపు సిరా ఆరదు, వేలితో రుద్దితే పోతుంది. తేదీ చెరిగిపోయిన తిండి సరుకును కొట్టువాళ్లు వెనక్కి పంపేస్తారు. ఆ చిన్న గడిని వార్నిష్ నుంచి మినహాయించండి.

సలహా 6: “అక్షరాలన్నీ నిటారుగా ఉండాలి, తలకిందులు పెడితే అపశకునం”

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక చక్కని పెట్టెలు చేయించేవాళ్లు ఎక్కువయ్యారు. అలాంటి ఒక పెట్టె ఫైలు నా దగ్గరికి వచ్చింది. పైకి తెరుచుకునే మూత, మూత ముందు భాగం కిందికి మడిచి లోపలికి దోపాలి. డిజైనర్ కీలైన్ మీద ప్రతి ముఖంలోనూ అక్షరాలను స్క్రీన్‌లో చదువుకోవడానికి వీలుగా నిటారుగా పేర్చాడు. నేను కాగితం మీద ప్రింటు తీసి, కత్తిరించి, మడిచి ఆయన చేతిలో పెట్టాను. మూత మూయగానే దుకాణం పేరు తలకిందులుగా ఉంది. ఆయన పెట్టెను తిప్పి చూశాడు. ఇప్పుడు పేరు బాగానే ఉంది, పెట్టె వెనక నుంచి తెరుచుకుంటోంది. “నాకు స్క్రీన్ మీద అసలు తట్టలేదండీ” అన్నాడు.

ఆయనకే కాదు, ఎవరికీ తట్టదు. విప్పిన పెట్టెలో కొన్ని ముఖాలు తలకిందులుగా, కొన్ని పక్కకు తిరిగి ఉండటమే సరైన అమరిక. ఏ ముఖం ఎటు తిరగాలో ఊహించవద్దు. కీలైన్ ప్రింటు తీసి, ఏమీ డిజైన్ చేయకముందే మడవండి. నిలబెట్టి ప్రతి ముఖం మీదా పెన్నుతో బాణం గీసి “ముందు”, “వెనక”, “మూత”, “అడుగు” అని రాయండి. మళ్లీ విప్పి ఆ కాగితాన్ని కంప్యూటర్ పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టండి. ఈ పదకొండింటిలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

సలహా 7: “స్క్రీన్ మీద బాగుంది కదా, అచ్చులోనూ అలాగే వస్తుంది”

స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు సిరాతో చూపిస్తుంది. లేత మామిడాకు ఆకుపచ్చ, చిలకపచ్చ, నిప్పులాంటి నారింజ స్క్రీన్ మీద మెరిసిపోతాయి. సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ అనే నాలుగు సిరాలతో ఆ మెరుపు రాదు. డిజైన్ మొదలుపెట్టేటప్పుడే సీఎంవైకే పెట్టుకుంటే ఆ నిరాశ మొదటిరోజే అయిపోతుంది. ఒక రంగు తప్పకుండా అలాగే రావాలంటే దానికి విడిగా స్పాట్ కలర్ ప్లేటు వేయించండి.

నలుపు సంగతి వేరుగా చెప్పాలి. కావలసిన పదార్థాల జాబితా, చిరునామా వంటి చిన్న అక్షరాలు ఒక్క బ్లాక్ సిరాతోనే ఉండాలి, 100 శాతం. నాలుగు సిరాల నలుపుతో 6 పాయింట్ల అక్షరం వేస్తే, ఒక్క ప్లేటు రవ్వంత జరిగినా అక్షరం చుట్టూ ఎర్రటి, నీలి నీడలు వస్తాయి. తెలుగు అక్షరాల్లో గుడులు, సున్నలు, ఒత్తుల మధ్య చోటు అసలే తక్కువ, అవి పూడుకుపోతాయి. పెద్ద నల్లటి నేలకు మాత్రం బ్లాక్‌తోపాటు 40 శాతం సయాన్ కలిపితే నలుపు చిక్కబడుతుంది.

చిక్కదనం కోసం నాలుగూ నూరేసి కలపకండి. మొత్తం 400 శాతం సిరా అట్ట మీద ఆరదు, పై షీటు వెనకవైపుకు అంటుకుంటుంది. నేను 300 దాటనివ్వను. మీ ప్రెస్సువాళ్ల అట్టకు ఎంతవరకు పర్వాలేదో వాళ్లనే అడగండి. మ్యాట్ లామినేషన్ వేస్తే రంగు కొంచెం మందగిస్తుంది, గ్లాసీ వేస్తే చిక్కగా కనిపిస్తుంది. ఇదీ లెక్కలో పెట్టుకోండి.

సలహా 8: “తెలుగు ఫాంటే కదా, వాళ్ల దగ్గరా ఉంటుంది”

మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లతో ఎంతో పని జరుగుతోంది. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు పోయి, అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అది అందరికీ కనబడే తప్పు కాబట్టి ఎలాగో పట్టుబడుతుంది.

ఎక్కువ ప్రమాదం యూనికోడ్‌తో వస్తుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపులకు తగిన కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. “స్వచ్ఛమైన నెయ్యి” అని టైపు చేస్తే “స్‌వచ్‌ఛమైన నెయ్‌యి” అని కూర్చుంటుంది. అచ్చు శివకాశిలో వేయిస్తుంటే అక్కడ మిషన్ మీదున్న తమిళ సోదరుడికి అది తప్పని ఎలా తెలుస్తుంది? తెలుగు చదివే ఆఖరి మనిషి మీరే. మీ దగ్గర దాటిపోతే ఇక ఆపేవాళ్లుండరు. అడోబీ వాడేవాళ్లు వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి.

అన్నీ సరిచూశాక అక్షరాలను కర్వ్స్‌గా మార్చండి, అప్పుడు ఫాంటుతో పని ఉండదు. మార్చాక అక్షరదోషం దిద్దలేరు కాబట్టి, దిద్దుకునే కాపీ ఒకటి విడిగా దాచుకోండి. మార్చిన తర్వాత కూడా కాగితం మీద ప్రింటు తీసి, ఆ డిజైన్ ముందెప్పుడూ చూడని మనిషి చేత పైకి చదివించండి. రోజూ చూసే కన్ను లేని ఒత్తును కూడా ఉన్నట్టే చదివేస్తుంది.

సలహా 9: “ఫొటో వాట్సాప్‌లో ఉంది, అదే వాడు”

వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోను కుదించి పంపుతుంది. ఫోన్‌లో చూసుకోవడానికి అది చాలు, అట్ట మీద చాలదు. అచ్చుకు అసలు సైజులో అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలి. లెక్క సులువు: 75 మి.మీ. ముఖం దాదాపు 3 అంగుళాలు, అంటే ఆ వెడల్పుకు 900 పిక్సెల్స్ కావాలి. 300 పిక్సెల్స్ ఉన్న బొమ్మను అక్కడ సాగదీస్తే ఆవకాయ ముక్కకూ నూనెకూ తేడా తెలియదు.

“డీపీఐ గడిలో 72 తీసేసి 300 అని కొట్టు” అంటారు కొందరు. అలా చేస్తే సాఫ్ట్‌వేర్ లేని చుక్కలను ఊహించి నింపుతుంది, అంతకు మించి ఏమీ రాదు. కెమెరాలో ఉన్న అసలు ఫైలు అడగండి. వాట్సాప్ తప్ప దారి లేకపోతే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి.

అక్షరాలు, లోగో మాత్రం ఎప్పుడూ వెక్టర్‌లోనే ఉండాలి. ప్రెస్సుకు వెళ్లే ఫైలు జేపీజీ కాకూడదు, పీడీఎఫ్ కావాలి. పీడీఎఫ్/ఎక్స్ పేరుతో అచ్చు కోసమే చేసిన ప్రమాణాలున్నాయి. ఎక్స్-1ఏలో రంగులన్నీ సీఎంవైకే లేదా స్పాట్, పారదర్శకత చదునైపోయి ఉంటుంది. ఎక్స్-4 పారదర్శకతను అలాగే మోస్తుంది. మీ ప్రెస్సు ఏది తీసుకుంటుందో అడిగి అదే పంపండి.

సలహా 10: “బార్‌కోడ్ అందం చెడగొడుతోంది, చిన్నది చేసి రంగు మార్చు”

బార్‌కోడ్ చదివేది స్కానర్. ఈఏఎన్-13 కోడ్ పూర్తి సైజు పక్కల ఖాళీతో కలిపి 37.29 మి.మీ. వెడల్పు, 25.93 మి.మీ. ఎత్తు. 80 శాతం దాకా తగ్గించవచ్చు, అంతకంటే కిందికి వద్దు. ఎడమ, కుడి పక్కల తెల్లటి ఖాళీ కూడా కోడ్‌లో భాగమే, అక్కడికి పువ్వు రేకు కూడా రాకూడదు. చాలా స్కానర్లు ఎర్ర వెలుతురుతో చదువుతాయి. ఎర్ర గీతలు ఆ వెలుతురుకు తెలుపులాగే కనబడతాయి, స్కానర్ మౌనంగా ఉండిపోతుంది. బిల్లు కౌంటర్ దగ్గర రెండుసార్లు పలకకపోతే, మూడోసారి ఆ సరుకు అరలోకి ఎక్కదు. తెల్ల నేల మీద నల్ల గీతలు, ఒక్క బ్లాక్ సిరా, మడతకు దూరంగా. ఇదే సూత్రం.

చట్టం అడిగే గుర్తుల సంగతీ ఇంతే. శాకాహార గుర్తు ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. ముందు ముఖం 100 చదరపు సెంటీమీటర్ల లోపుంటే చుక్క వ్యాసం కనీసం 3 మి.మీ., చదరం భుజం దానికి రెట్టింపు. డిజైన్‌కు నప్పేలా దాన్ని బంగారు రంగు చేయకూడదు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపిన ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, అన్నిటికీ మొదటే చోటు కేటాయించండి. ఈ వివరాలు ఇంగ్లిషులోగానీ దేవనాగరి లిపిలో హిందీలోగానీ ఉండి తీరాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, నన్నడిగితే తప్పక వేయాలి. తెలుగు మాత్రమే వేస్తే చట్టానికి చాలదు.

సలహా 11: “ప్రూఫ్ ఫోన్‌లో చూశాను, ఓకే చెప్పెయ్”

ఫోన్‌లో కనబడేది బొమ్మ. మీరు చేయిస్తున్నది పెట్టె. ప్రూఫ్ అంటే రెండు కావాలి. ఒకటి, రంగు కోసం ప్రెస్సు ఒప్పుకున్న కలర్ ప్రూఫ్. రెండోది, అదే అట్టతో, అదే కొలతతో కోసి మడిచిన తెల్ల డమ్మీ. అందులో సీసా పెట్టి, మూత దోపి, ఎత్తి, ఊపి చూడాలి. అట్ట పీచు ఎటు పారుతోందో కూడా అప్పుడే తెలుస్తుంది. పీచు పెట్టె చుట్టూ అడ్డంగా పారాలి, నిలువుగా పారితే ముఖాలు పొట్ట ఉబ్బినట్టు వంగుతాయి.

తప్పు జరిగాక ఓదార్చేవాళ్లు ఒక కథ చెబుతారు. కథ నిజమే. 1879లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో రాబర్ట్ గేర్ అనే ఆయన ఫ్యాక్టరీలో విత్తనాల సంచులు అచ్చవుతుండగా, మడత నొక్కే లోహపు పట్టీ ఒకటి జరిగి సంచులను కోసేసింది. కోత, మడత ఒకే దెబ్బలో వేయొచ్చని ఆయనకు అప్పుడు తట్టింది, మడిచే అట్టపెట్టెలు అలా పుట్టాయి. “చూశావా, తప్పే వరమైంది” అంటారు. నాకు మాత్రం ఆ కథలో కనిపించేది వేరు. ఆయన తెగిన సంచిని చేతిలో పట్టుకుని చూశాడు. చేతిలో ఉంది కాబట్టే, మడత పడాల్సిన చోట కోత పడితే ఏమవుతుందో అర్థమైంది.

పై సలహాలన్నీ ఒకే చోట పుట్టాయి: పెట్టెను బొమ్మగా చూడటం దగ్గర. అర మిల్లీమీటరు, ఖాళీ ఫ్లాప్, తలకిందుల అక్షరం బొమ్మలో తప్పుల్లాగే కనబడతాయి. మడిచి చూస్తే అవే సరైనవి.

తెనాలి ఆవిడ మరుసటి ఏడాది మళ్లీ వచ్చారు. ఈసారి సంచిలో సీసా కూడా తెచ్చుకున్నారు. డై చేసినాయన ఇచ్చిన తెల్ల డమ్మీని బల్ల మీద నిలబెట్టి, సీసా అందులోకి దించి, మూత దోపి, తలకిందులు చేసి చూశారు. అంటించిన మూల వెంట బొటనవేలు పైనుంచి కిందికి నడిపించారు. వేలికి ఏమీ తగల్లేదు. అప్పుడు “ఇక రంగులెయ్యి తల్లీ” అన్నారు.